క్షమ యను మాట

మన యూళ్లలో రచ్చబండకడ తగవు తీరునప్పుడు, తప్పొప్పుకొన్నవాడు ‘ఈ తూరి నా తప్పు కాయుడు’ అని పెద్దలను వేడుట మీరెల్లరు వినియే యుందురు. కాచుట యనగా రక్షించుట. ‘మన్నింపుడు’ అనువాడు మన్ననను, అనగా గౌరవమును, కోరుచున్నాడు. ‘సైరింపుడు’ అనువాడు ఓర్చుకొండని వేడుచున్నాడు. సంస్కృతమునుండి మనకు వచ్చిన ‘క్షమ’ యను మాట ఈ మూడవదానికి చుట్టము. క్షమ యనగా ఓర్పు. అన్నిటిని మోయుచున్నది గనుక భూమికిని క్షమ యని పేరు. అదే ధాతువునుండి పుట్టిన ‘క్షముడు’ అను మాటకు సమర్థుడని యర్థము. కార్యక్షముడని మనమిప్పటికిని అనుచున్నాము. ఓర్పును, సామర్థ్యమును ఒకే మాటలో ఇమిడియుండుట వింతగా తోచవచ్చును గాని, ఒక రాజు ఈ మాటను వాడిన తీరు చూచినచో ఆ వింత తీరును.

కర్నూలు జిల్లాలో, గుత్తినుండి పత్తికొండకు పోవు త్రోవలో, ఎఱ్ఱగుడి కడ గుండ్లపై అశోకుని శాసనములున్నవి. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. (అందలి చిన్న శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును, చేనిలో మడక మరలినట్లు నడచును.) పదునాలుగు పెద్ద శాసనములలో పదుమూడవది కళింగయుద్ధమును గూర్చినది. క్రీ. పూ. 261 ప్రాంతమున, పట్టాభిషేకమైన యెనిమిదేండ్లకు, అశోకుడు కళింగమును జయించెను. 1,50,000 మంది చెరపట్టబడిరనియు, 1,00,000 మంది హతులైరనియు, అంతకు పెక్కురెట్లు జనులు నశించిరనియు ఆ శాసనమే చెప్పుచున్నది. నెపమును సేనానులపై నెట్టలేదు, పగవారిపై మోపలేదు. జయము చెప్పిన నోటనే రాజు తన పరితాపమును చెప్పినాడు.

ఆ వెనుక మన మాట వచ్చును. తనకు అపకారము చేసినవానినైనను, క్షమింప శక్యమైనంతవఱకు క్షమింపవలెనని రాజు తలచుచున్నాడట. ‘శక్యమైనంతవఱకు’ అను ఆ గీటును నేను పలుమాఱు తలచుకొందును. ఆ వెంటనే అడవిజాతులవారికి హెచ్చరిక యున్నది: రాజు పరితపించుచున్నను శక్తి కోల్పోలేదు, వారు తమ చేతలకు సిగ్గుపడి చావు తప్పించుకొనవలెను. సామర్థ్యము లేనివాని మౌనమును క్షమ యనరు గదా.

ఇంకొక విశేషము. కళింగదేశముననే ధౌళి, జౌగడలలో చెక్కించిన శాసనములలో ఈ పదుమూడవది లేదు. దానికి మాఱుగా వేఱు శాసనములు రెండు కలవు. సరిహద్దుల కావలివారు భయపడవలదనియు, క్షమింప శక్యమైనదానిని రాజు క్షమించుననియు ఒకదాన నున్నది. దానిని తిష్యా నక్షత్రమునాడు, అనగా మన పుష్యమినాడు, చదివి వినిపింపవలెనని అధికారులకు ఆజ్ఞ. మాట అదే. కాని దెబ్బతిన్న నేలపై రాజు పరితాపము చెక్కబడలేదు. క్షమించు అధికారము మాత్రము చెక్కబడినది. పాతగాయము రేపరాదని అట్లు చేసియుందురని కొందఱు పండితులందురు. కావచ్చును. నాకు మాత్రము అది లోటుగానే తోచును. తప్పు చేసినవాడు ఊరంతటికిని చెప్పుకొని, తప్పు పడినవాని గుమ్మమునకు మాత్రము పోకున్నచో మన రచ్చబండ పెద్దలు ఊరకుందురా?

చెరపట్టబడిన ఆ 1,50,000 మందిలో ఎవరైనను మరల ఇల్లు చేరిరో లేదో, ఎఱ్ఱగుడి గుండుపైన గాని, మఱే బండపైన గాని అశోకుడు చెప్పలేదు.