మూడో కాలు

కర్ర పట్టుకోవడమంటే మన ఆడవాళ్లకు ఎంత నామోషీయో! కాలు బెణికినా, చీలమండ విరిగినా గోడలూ గుమ్మాలూ పట్టుకుని, చివరికి పసిపిల్లల భుజాలు పట్టుకుని అయినా నడుస్తారు గాని, కర్ర మాత్రం ముట్టరు. మళ్లీ పడితే మొదటికే మోసం వస్తుందన్న మాట తలుచుకోరు. సిమెంటు కట్టు విప్పించుకున్న మా పిన్నీ అంతే. "నలుగురూ చూస్తే ఏమనుకుంటారే?" అంది. ఆ నలుగురి సంగతీ తేల్చుదామని నేను కర్రల చరిత్ర తిరగేశాను.

డెన్మార్కులో, కోపెన్‌హాగెన్ మ్యూజియంలో ఈజిప్టువాళ్ల రాతిపలక ఒకటి ఉంది. దాని వయస్సు సుమారు 3,400 ఏళ్లు. అందులో రోమా అనే ద్వారపాలకుడు దేవతకు నైవేద్యం పెడుతూ ఉంటాడు. ఆయన కాలొకటి సన్నగా ఎండిపోయి ఉంది. పోలియో కావచ్చునని వైద్యుల ఊహ. పొడుగాటి కర్ర ఒంటికి ఆనించుకుని నిలబడ్డాడు. వెనక భార్యా, కొడుకూ. కలకాలం నిలిచే రాతి మీద కూడా ఆ మనిషి కాలు దాచలేదు, కర్రా దాచలేదు!

ఇంకో చిత్రం చూడండి. ఈ ఆసరాలలో కొన్నింటిని అవసరం పడ్డవాళ్లే తయారుచేసుకున్నారు. జర్మనీలో నడవలేని గడియారాల పనివాడు స్టీఫన్ ఫార్‌ఫ్లర్ 1655లో, చేత్తో తిప్పుకుంటూ పోయే మూడు చక్రాల బండి చేసుకున్నాడు. అమెరికాలో గని ప్రమాదంలో నడుము దెబ్బతిన్న హెర్బర్ట్ ఎవరెస్ట్, ఇంజనీరు స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1933లో, కారులో పట్టేట్టు మడిచే చక్రాల కుర్చీని తెచ్చాడు. స్వీడన్‌లో ఆయ్‌నా విఫాల్క్ అనే ఆవిడకు 21వ ఏట పోలియో సోకింది. చక్రాలతో తోసుకుపోయే వాకర్‌కు, అంటే రొలేటర్‌కు, 1978లో ఆవిడే రూపమిచ్చింది.

ఇవన్నీ చెబితే మా పిన్ని, "కథలకేం గాని, ఇంతకీ నాకేదే?" అంది. న్యాయమైన ప్రశ్నే. కాలి మీద ఎంత బరువు మోపవచ్చో ముందు డాక్టరుగారు చెప్పాలి. అసలు మోపకూడదంటే చంకకర్రలో, చక్రాల కుర్చీయో. చంకకర్రల పైభాగం చంకకు రెండు మూడు వేళ్లు కిందుగా ఉండాలి. బరువు అరచేతుల మీద పడాలి. చంకలో ఆనితే నరాలు నలిగి చేతులు తిమ్మిరెక్కుతాయి. కొంచెం మోపవచ్చు గాని తూలుతుందంటే నాలుగు కాళ్ల వాకర్. ఒంటికాలి మీద నడిచేవాళ్లకు చక్రాలది వద్దు, ముందుకు జారిపోతుంది. కాస్త ఆసరా చాలనుకుంటే చేతికర్ర. నిలబడి చెయ్యి వదిలేస్తే పిడి మణికట్టు దగ్గరకు రావాలి. పట్టుకోవలసింది నొప్పి కాలి వైపు కాదు, మంచికాలి వైపు చేత్తో. కింద రబ్బరు తొడుగు అరిగిందేమో చూసుకోండి.

చూపు ఆనకపోతే కళ్లజోడు పెట్టుకుంటాం, పైగా మంచి ఫ్రేము కోసం నాలుగు దుకాణాలు తిరుగుతాం. కంటికి లేని సిగ్గు కాలికెందుకండీ?