రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో కంప్యూటరీకరణ: మారిన పని తీరు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ 1998 నవంబరు 4వ తేదీన రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో 'కార్డ్' పథకాన్ని ప్రారంభించింది. 'కంప్యూటర్ ఎయిడెడ్ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ రిజిస్ట్రేషన్ డిపార్ట్‌మెంట్' అనేది దీని పూర్తి పేరు. ఒక ప్రభుత్వ శాఖ తన రోజువారీ పనిని దాదాపు మొత్తంగా సాఫ్ట్‌వేర్ మీదికి మార్చిన తొలినాటి ప్రయత్నాలలో ఇది ఒకటి. పథకం వల్ల ప్రజలకు కలిగిన సమయపు ఆదా గురించి అనేక నివేదికలు వెలువడ్డాయి. కుర్చీలో కూర్చున్న ఉద్యోగి పని ఏ విధంగా మారిందన్న విషయం మాత్రం అంతగా చర్చకు రాలేదు.

చేతిరాత కాలంలో

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులన్నింటినీ ఒకటవ నంబరు పుస్తకంలో నకలు చేయవలసి ఉంటుంది. కంప్యూటర్లు రాక ముందు ఈ నకలును గుమాస్తాలు ఆద్యంతం చేతితో రాసేవారు. ఒకరు చదువుతుండగా మరొకరు మూలంతో సరిచూసేవారు. ఆ తరువాత వ్యక్తుల పేర్లతో ఒక సూచిక, ఆస్తుల వివరాలతో మరొక సూచిక తయారయ్యేవి. నకళ్ళు పేరుకుపోతే అసలు దస్తావేజు కక్షిదారుకు తిరిగి అందడంలో జాప్యం తప్పేది కాదు.

ఆస్తిపై ఉన్న లావాదేవీలను తెలిపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే వాడుకలో ఈసీ, జారీ చేయాలంటే ఈ సూచికలను ఏడాది వెంట ఏడాది తిరగేయవలసిందే. ఏ సంపుటం ఏ బీరువాలో ఉన్నదో, ఏ పేజీ చిరిగి ఉన్నదో ఎరిగిన గుమాస్తాకే కార్యాలయంలో విలువ. ఆ తెలివిడి ఒక నైపుణ్యం అనడంలో సందేహం లేదు. అయితే అదే ఒక అధికారంగానూ మారింది. మార్కెట్ విలువల విషయమూ ఇంతే: విలువల పట్టిక గుమాస్తా చేతిలో ఉండేది, ఆయన చెప్పిన లెక్కను సరిచూసుకునే మార్గం కొనుగోలుదారుకు అంతగా ఉండేది కాదు.

సాఫ్ట్‌వేర్ వచ్చిన తరువాత

కార్డ్ అమలుతో విలువ లెక్కింపు, స్టాంపు సుంకం, సూచికల తయారీ, ఈసీ జారీ కంప్యూటర్ చేతికి వచ్చాయి. నకలు రాత స్థానంలో స్కానింగ్ ప్రవేశించింది. ఈసీ పొందడానికి పట్టే కాలం రోజుల నుంచి నిమిషాలకు తగ్గిందని ప్రపంచ బ్యాంకు వెలువరించిన అధ్యయనం పేర్కొన్నది. చట్టం సైతం యంత్రాన్ని అనుసరించింది. 2001లో పార్లమెంటు చేసిన సవరణ ద్వారా చేరిన 16ఎ సెక్షన్ రిజిస్టర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచడానికి అనుమతించింది. అదే సవరణతో వచ్చిన 32ఎ సెక్షన్ క్రయ విక్రయదారుల ఫొటోలు, వేలిముద్రలు తప్పనిసరి చేసింది. కలం, సిరాబుడ్డి ఉండే బల్ల మీదికి కెమెరా, వేలిముద్రల యంత్రం చేరాయి.

మధ్యవర్తుల పాత్ర మాత్రం ఆశించిన మేరకు తగ్గలేదు. 2004లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో వెలువడిన జొనాథన్ కేస్లీ వ్యాసం ఈ పథకాన్ని తీవ్రంగా విమర్శించింది. కంప్యూటర్లు వచ్చినా అక్రమ వసూళ్ళు కొనసాగుతున్నాయని అందులో ఆయన పేర్కొన్నారు. దీనికి కారణం పని విభజనలోనే కనిపిస్తుంది. లోపలి గదిలోని పని కంప్యూటరీకరణకు నోచుకున్నది గాని, వరండాలో దస్తావేజు లేఖరి చేసే ముసాయిదా రచన యథాతథంగా ఉండిపోయింది. కక్షిదారు కార్యాలయంలో అడుగుపెట్టే సరికే ఆయన వ్యవహారం సగం నడిచిపోయి ఉండేది. ఈ భాగాన్ని మార్చే ప్రయత్నం ఆంధ్రప్రదేశ్‌లో 2023లో 'కార్డ్ ప్రైమ్' సాఫ్ట్‌వేర్‌తో జరిగింది. పౌరులు తామే ఆన్‌లైన్‌లో దస్తావేజు తయారు చేసుకునే వీలు దీనిలో ఉన్నది. తమ జీవనోపాధి పోతుందని దస్తావేజు లేఖరులు అప్పట్లో నిరసన తెలిపారు. తరతరాలుగా ఈ వృత్తినే నమ్ముకున్న వారి ఆందోళనను తేలికగా కొట్టివేయడానికి వీలు లేదు.

చుక్క తాళమైన వైనం

కాగితంపై ఉన్న తప్పు సాఫ్ట్‌వేర్‌లోకి చేరితే ఏమవుతుందో తెలియజేసే ఉదాహరణ చుక్కల భూములు. బ్రిటిష్ పాలనలో జరిగిన రీసెటిల్‌మెంట్ సందర్భంగా, కొన్ని సర్వే నంబర్లకు పట్టాదారు గడిలో పేరుకు బదులు చుక్కలు పెట్టి వదిలివేశారు. ఆ చుక్కలు దశాబ్దాల పాటు రైతుల సాగుకు గాని, క్రయ విక్రయాలకు గాని పెద్దగా అడ్డు రాలేదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ సెక్షన్ కింద నిషేధిత ఆస్తుల జాబితా రూపొంది, అది కంప్యూటర్‌కు అనుసంధానం కావడంతో పరిస్థితి మారింది. జాబితాలోకి ఎక్కిన సర్వే నంబరును కంప్యూటర్ స్వీకరించదు. సబ్‌డివిజన్ వివరం లేకుండా నమోదైతే, కొద్దిపాటి ప్రభుత్వ భూమి కారణంగా ఆ నంబరులోని పట్టా భూములన్నీ ఆగిపోతాయి. పూర్వం గుమాస్తాతోనో, తాసీల్దారుతోనో వాదించే అవకాశమైనా ఉండేది. తెరతో వాదించే వీలు లేదు. కూతురి పెళ్ళికి ఎకరం అమ్ముకోదలచిన రైతుకు ఈ తేడా చిన్నది కాదు.

ఈ సమస్య పరిష్కారానికి ఆంధ్రప్రదేశ్ 2017లో ప్రత్యేక చట్టం చేసింది. 2023లో రెండు లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూములను నిషేధిత జాబితా నుంచి తొలగించింది.

తెలంగాణ అనుభవం కూడా గమనార్హం. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన 'ధరణి' పోర్టల్ వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్‌ను తాసీల్దార్లకు అప్పగించి, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి పూర్తయ్యే ఏర్పాటు చేసింది. దీనికి కొద్ది వారాల ముందే గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది. పని వేగం పెరిగిన మాట వాస్తవం. అయితే తప్పుల సవరణ అధికారం ప్రధానంగా జిల్లా కలెక్టర్ల వద్ద కేంద్రీకృతం కావడంతో దరఖాస్తులు పేరుకుపోయాయి. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న 'భూ భారతి' అమలులోకి వచ్చింది. ఈ చట్టం సవరణ అధికారాలను వివిధ స్థాయుల అధికారులకు పంచి, అప్పీలుకు అవకాశం కల్పించింది. వాస్తవానికి ఈ మార్పు సాంకేతికమైనది కాదు, ఎవరి సంతకంతో తప్పు సరిదిద్దబడాలన్న పాలనాపరమైన నిర్ణయం.

ఈ క్రమంలో ఉద్యోగి పని నకలు రాత నుంచి వివరాల నిర్ధారణకు మారింది. ఒక అంకె తప్పు పడితే పూర్వం ఒక సంపుటంలోని ఒక పేజీకే అది పరిమితమయ్యేది. ఇప్పుడు అదే అంకె ఈసీలోకి, పాసు పుస్తకంలోకి, బ్యాంకు రుణ దరఖాస్తులోకి వెళుతున్నది. అందువల్ల శిక్షణలో మీట నొక్కడం కంటే సర్వే నంబరు, సబ్‌డివిజన్, హద్దులు చదవడం నేర్పవలసిన అవసరం ఎక్కువ.

చేతిరాత సంపుటాల అవసరం ఇంకా తీరలేదు. ఆన్‌లైన్ ఈసీ 1983 జనవరి 1 తరువాతి లావాదేవీలకు మాత్రమే లభిస్తుంది. అంతకు ముందటి వివరాలు కావలసినవారు సంబంధిత సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. అక్కడ సిబ్బంది పాత సూచికలను చేతితోనే తిరగేసి వెతుకుతారు.