పల్నాటి లూథరన్ గుడి: నమ్మనివాళ్ళు చదవాల్సిన చరిత్ర

దేవుణ్ణి నమ్మనివాళ్ళకు చర్చితో ఏం పని? ఎర్రగడ్డ నుంచి బయల్దేరేటప్పుడే మిత్రులు మమ్మల్ని ఈ ప్రశ్న అడిగారు. ప్రార్థన కోసం కాదు, తెల్లదొరల కట్టడాలు చూసి మురిసిపోవడానికీ కాదు. మనవాళ్ళ చరిత్ర రాతలో ఎక్కడ దొరుకుతుందో వెతకడానికి పోయాం. కరణం లెక్కల్లో మనవాళ్ళు వెట్టివాళ్ళు, పాలేర్లు. మాలపల్లె మనిషి తన పేరుతో, తండ్రి పేరుతో, ఊరి పేరుతో కాగితం మీదికెక్కిన తొలి చోట్లలో బాప్తిస్మం రిజిస్టరు ఒకటి.

మిర్యాలగూడ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే పల్నాడు. గురజాల చిన్న ఊరే గాని లూథరన్ల కథలో పెద్ద పేరు. అమెరికా లూథరన్లు పంపిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. 1849లో గురజాలకు మకాం మార్చాడు. గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. మిషన్ పుస్తకాలు చెప్పే కథ ఇది. దొర వచ్చాడు, వెలుగు వచ్చింది అన్నట్టు ఉంటుంది. మా ప్రశ్న వేరు. పల్నాటి మాలలు ఎందుకు కదిలారు?

కలిసి తినడం వాళ్ళకు కొత్త ఊహ కాదు. పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు, మాల కన్నమదాసు సేన నడిపాడు. కారంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు జరుగుతుంది. అయితే ఏడాదికి ఒకపూట చాప పరిస్తే ఊరి బావి తెరుచుకోదు. ప్రభు భోజనం కూడా ఒక చాపకూడే అనుకుంటే, దాని పక్కన కొత్తగా వచ్చింది బడి. పగలు అక్షరాలు చెప్పిన పంతులే సాయంత్రం ప్రార్థన నడిపేవాడు. నాలుగు ముక్కలు చదవడం వస్తే అప్పుకాగితంలో ఏం రాసుందో తెలుస్తుంది, కలెక్టరుకు అర్జీ రాసుకోవచ్చు. మతం మారడాన్ని గోధుమపిండి కోసమని ఎగతాళి చేసేవాళ్ళు ఈ సంగతి దాటేస్తారు.

ఆ బడి ఎంతదూరం పోయిందో చూడండి. 1885లో గుంటూరులో లూథరన్లు మొదలుపెట్టిన కళాశాలే నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల. పల్నాటి వినుకొండలో 1895లో పుట్టిన జాషువా గుంటూరులో లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పాఠాలు చెప్పాడు. గుడిలోకి రానివ్వని మనిషి గబ్బిలం చేత శివుడికి కబురు పంపే కావ్యం, 1941లో వచ్చిన 'గబ్బిలం', ఆయనదే.

ఇంతమాత్రాన చర్చి కులం లేని చోటు అనుకోవద్దు. మేం తిరిగిన చోట్ల ముందు ఎదురైన ప్రశ్న "మీరు ఏ సంఘం?" అని. అది దేవుడి గురించి అడిగిన ప్రశ్న కాదు. గుంటూరు వైపు లూథరన్లలో ఎక్కువమంది మాలలు, ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాదిగలు. 1876-78 నాటి కరువు వెంటనే, 1878 జులై 3న, ఒంగోలు బాప్టిస్టు మిషన్ ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వాళ్ళలో అత్యధికులు మాదిగలే. అంటే సంఘం పేరు చెబితే చాలా చోట్ల కులం చెప్పినట్టే. ఊరికి రెండు పల్లెలున్నట్టే క్రీస్తుకూ రెండు గుళ్ళు కట్టుకున్నాం. 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడినా ఈ గీత చెరగలేదు. దొరల్ని మాత్రమే తప్పుపడితే సరిపోదు, మనల్ని మనం కూడా అడుక్కోవాలి.

అసలు చిక్కు 1950తో వచ్చింది. ఆ ఏటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాణ్ణి షెడ్యూల్డు కులాల లెక్కలోంచి తీసేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలుపుకున్నారు. క్రైస్తవులను కలపలేదు. మన దగ్గర వాళ్ళు బి.సి. 'సి' గ్రూపు, వాటా ఒక్క శాతం. దీన్ని పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. మతం మారినా పల్లె మారలేదు, చేసే పని మారలేదు, కారంచేడు, చుండూరు దాడులప్పుడు చంపేవాడు బాప్తిస్మం కాగితం అడగలేదు. సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు మాత్రం అడుగుతుంది. అందుకే బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. తాతకు మొదటిసారి పేరిచ్చిన రిజిస్టరే మనవడికి సాక్ష్యమై ఎదురు నిలబడుతుంది.

పాత రిజిస్టర్లు చూస్తామంటే పెద్దవాళ్ళు ఎందుకు జంకారో మాకప్పుడు అర్థమైంది. మేం ఒక్క పేరు కూడా రాసుకోలేదు. చెదలు పట్టకముందే ఆ పుస్తకాలు కాపాడుకోవాలని విద్యార్థులను, ఉపాధ్యాయులను కోరుతున్నాం. కాపాడటం వేరు, బయటపెట్టడం వేరు. ఆ పేర్లు భయం లేకుండా అచ్చు కావాలంటే ముందు 1950 ఉత్తర్వు మారాలి. చరిత్ర పని, ఉద్యమం పని ఇక్కడ రెండు కావు.