బీరు కెటిలూ, మా బెల్లం పెనమూ

అమెరికాలో ఉన్న రోజుల్లో మా రూమ్మేటుకి ఇంట్లో బీరు కాచే పిచ్చి పట్టింది. అక్కడ అది నేరం కాదు లెండి. 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, ఫెడరల్ పన్ను లేకుండా, సొంతానికి కాచుకోవచ్చు. (ఇది చదివి ఇక్కడ మొదలుపెట్టకండి, ఎక్సైజు వాళ్ళు తలుపు తడతారు.) మనవాడికి మొదటి చిక్కు పాత్ర దగ్గరే వచ్చింది. ఎంత పెద్దది కొనాలి, స్టీలా అల్యూమినియమా, పొడుగుదా వెడల్పుదా? "మీ ఇంట్లో బెల్లం వండేవాళ్ళన్నావు కదా, నువ్వే చెప్పు" అని నా మీద పడ్డాడు.

మాది చిత్తూరు దగ్గర పల్లె. ఆ వారం ఫోన్లో తాతని అడిగాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకిప్పటికీ గుర్తే.

"ఎంత ఇగరల్లరా అబ్బోడా?"

అంతే, సగం డిజైన్ ఆ ప్రశ్నలోనే ఉంది. చెరకు రసంలో నూటికి ఎనభై పాళ్ళు నీళ్ళు. వాటిని వీలైనంత త్వరగా తరిమేయాలి. అందుకే బెల్లం పెనం (కొప్పెర అనేవాళ్ళూ ఉన్నారు) వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది. బీరుకి అంత ఇగరడం అక్కర్లేదు. బార్లీ మాల్టు రసాన్ని గంటసేపు మరిగిస్తే చాలు. క్రిములు చస్తాయి, హాప్స్‌లో చేదు దిగుతుంది, పచ్చి వాసన పోతుంది. పోయే నీళ్ళు నూటికి ఓ పదిపాళ్ళు. కాబట్టి కెటిల్ కాస్త పొడుగ్గా ఉండాలి. 19 లీటర్ల బీరు కావాలంటే 19 లీటర్ల పాత్ర కొంటే మునిగినట్టే. మరుగు పట్టగానే నురుగు పాలపొంగులా లేస్తుంది, 35 లీటర్లదైనా ఉండాలి. అల్యూమినియం చవక, వేడి బాగా పాకుతుంది, కానీ కొత్తపాత్రలో ముందు ఉత్త నీళ్ళు మరిగించి పైపొర కట్టనివ్వాలి, తర్వాత దాన్ని పీచుపెట్టి తోమకూడదు. మొదటిరోజు ఎలాగూ ఉత్త నీళ్ళు పెట్టి, గంటకెంత తగ్గిందో కొలుచుకోవడం మంచిది. మన భాషలో చెప్పాలంటే డ్రై రన్.

మా పెనానికి డ్రై రన్లు లేవు. దాని సెటప్ అంతా పొయ్యిలో ఉంది. నేలలో తవ్విన పొయ్యి మీద పెనం అంచులు కూర్చోబెట్టి చుట్టూ మట్టి మెత్తేవాళ్ళు. మంట అడుక్కి మాత్రమే తగలాలి, రసం మట్టానికి పైన అంచుకి తగిలితే అక్కడ మాడి, పాకమంతా నల్లబడుతుంది. ఒక పక్క ఎండిన చెరకు పిప్పి ఎగదోసే నోరు, రెండో పక్క పొగగొట్టం. సున్నం వేసి మడ్డి తీసేవాళ్ళు, నురుగు పొంగితే ఆముదం చుక్కలు. చన్నీళ్ళలో వేస్తే ఉండ కట్టిందంటే దించేయడమే. టన్ను చెరక్కి ఓ వంద కేజీల బెల్లం.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడొస్తుంది. తీపి రసాన్ని వెంటనే మరిగిస్తే బెల్లం, వదిలేస్తే పులుపు, ఆ పైన మత్తు. ఈ సంగతి మీద మా జిల్లాలో ఒక ప్రభుత్వ విధానమే నడిచింది.

1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. సరిగ్గా ఏడాదికి, 1938 అక్టోబరు 1న, చిత్తూరు, కడప జిల్లాల వంతు. (అప్పటి చిత్తూరు జిల్లా అంటే తిరుపతితో కలిపి, అది విడిపోయింది 2022లోనే కదా.) కల్లు గీసేవాళ్ళ బతుకుతెరువు ఒక్కరోజులో పోయింది. దానికి ప్రభుత్వం చూపిన దారుల్లో ఒకటి: ముంత లోపల సున్నం పూసి తియ్యకల్లు దించండి, దాన్ని కాచి తాటిబెల్లం చెయ్యండి అని. అంటే సారా దుకాణానికి మందు పెనమే అన్నమాట! ఖజానాకి పడిన బొక్క పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. మద్యనిషేధం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. అమ్మకం పన్ను మాత్రం రూపం మార్చుకుంటూ మన బిల్లుల్లో ఉండిపోయింది.

రెండో అంకం నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళది. 1992లో వాళ్ళు లేపిన పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో సడలించినా సారా మీద నిషేధం అలాగే ఉంది. ఆ ఆడవాళ్ళు చేసింది మంచి పని, దానిమీద నాకు రెండో మాట లేదు.

కానీ నాటుసారా మొదలయ్యేది బెల్లం ఊటతో. దాంతో అనుమానం బెల్లం మీదకొచ్చింది, అందులోనూ నల్లబెల్లం మీద. ఈ తగువు హైకోర్టు దాకా వెళ్ళింది. ఈస్టుకి రంగుతో పనేముంది చెప్పండి? దానికి కావాల్సింది చక్కెర. నల్లబెల్లం చవక కాబట్టి సారా కాచేవాడు అదే కొంటాడు, నిజమే. అయితే బెల్లం నల్లబడేది చవుడు నేలవల్ల, ముదిరిన చెరకువల్ల, మంట ఎక్కువైనందువల్ల. తెల్లబడేది చాలాసార్లు హైడ్రోస్ అనే రసాయనంవల్ల, అదీ నిలవుంటే మళ్ళీ నల్లబడేదే. మందు వెయ్యని రైతు అనుమానితుడు, వేసినవాడు దొర. రంగు చూసి మనిషిని పట్టే రూలు రాసినవాళ్ళెవరో ఒక్కసారి పొయ్యి దగ్గర కూర్చుని ఉండాల్సింది.

ఒకసారి మా తాత చిత్తూరు మండీకి తోలిన బండిని దారిలో ఆపేశారు. రెండురోజులు వానలో నిలబెట్టి, ఆనక వదిలేశారు. తడిసిన బెల్లం ఎవడు కొంటాడు? పెట్టుబడి కూడా రాలేదు. మరుసటేడు నుంచి ఆయనా హైడ్రోస్ వేశాడు. "మనం తినేదానికి వేరే వండుకుందాం లేరా" అన్నాడు. ఇప్పుడు బెంగళూరులో మా ఆఫీసు పక్కన ఆర్గానిక్ షాపులో ఆ నల్లబెల్లాన్నే గాజుసీసాలో పెట్టి తెల్లదానికంటే ఎక్కువ రేటుకి అమ్ముతున్నారు.

రూమ్మేటు చివరికి 40 లీటర్ల స్టీలు కెటిల్ కొన్నాడు, అడుగున కొళాయి ఉన్నది. మొదటి బీరు పుల్లగా వచ్చింది. కాచాక చల్లార్చడం ఆలస్యం చేశాడు. తాతకి చెబితే, "ఇగరడం అడిగితివి, ఆరడం అడగలేదు గదరా" అన్నాడు. మా పెనం ఇప్పుడు పశువుల కొట్టం వెనక బోర్లించి ఉంది. కోళ్ళు దాని కింద గుడ్లు పెడుతున్నాయి.