ఋణశోధనగా ఋతూత్సవం: శాంతినికేతన పండుగల చరిత్ర (1907–1928)

వ్యాససంగ్రహం

శాంతినికేతనంలో రూపుదిద్దుకున్న ఋతూత్సవాలను సాధారణంగా రవీంద్రనాథ్ ఠాగూర్ సౌందర్యదృష్టికి నిదర్శనాలుగా పరిగణిస్తారు. ఆ దృష్టి వాటిలో ఉన్న మాట నిజమే. అయితే 1907లో పిల్లల వేషాలతో మొదలైన ఈ ఉత్సవ సంప్రదాయం 1928 నాటికి మొక్క నాటడం, నాగలి పట్టడం అనే క్రియలకు చేరింది. ఈ పరిణామానికి సూత్రం 'ఋణశోధన', అంటే ప్రకృతి నుండి పొందినదానికి శ్రమతో బాకీ తీర్చడం అనే భావన. ఆ భావన నాటకంలో, పాటలో, చిత్రకళలో, వ్యవసాయ కార్యక్రమంలో ఎలా విస్తరించిందో, ఎక్కడ ఆగిపోయిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: శాంతినికేతనం, శ్రీనికేతనం, ఋతూత్సవం, వృక్షారోపణం, హలకర్షణం, అల్పన, ఏరువాక.

1. ఉపోద్ఘాతం

ఋతువర్ణన మన సాహిత్యానికి కొత్త కాదు. కాళిదాసు పేర ప్రసిద్ధమైన ఋతుసంహారం మొదలుకొని తెలుగు ప్రబంధాల వరకు ఋతువు కావ్యాంగంగా నిలిచింది. ఆముక్తమాల్యదలోని వర్షర్తువర్ణనలో పల్లె బతుకు, రైతు పాట్లు కూడా కనిపిస్తాయి. అయితే కావ్యంలో ఋతువు వర్ణించవలసిన వస్తువు, ఉత్సవంలో ఆచరించవలసిన కర్తవ్యం. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో ఒక పాఠశాల దాటింది. ఆ పాఠశాలలో విగ్రహం లేదు, వ్రతకథ లేదు, అర్చక వ్యవస్థ లేదు. అటువంటి చోట ఋతువును పండుగగా జరుపుకోవలసివచ్చినప్పుడు శాస్త్రం చేసే పనిని ఏది చేస్తుంది? ఈ ప్రశ్నకు శాంతినికేతనం ఇచ్చిన సమాధానం పాట, రంగవల్లి, శ్రమ.

2. నేల స్వభావం, సంస్థ నేపథ్యం

బీర్‌భూమ్ జిల్లాలోని బోల్పూర్ సమీపంలో దేవేంద్రనాథ్ ఠాగూర్ 1863లో ఇరవై బిఘాల స్థలాన్ని తీసుకున్నారు. అది ఎర్రని లాటరైట్ నేల. వాననీటి కోతకు ఏర్పడిన గండ్లను అక్కడివారు 'ఖోయాయి' అంటారు. చెట్టు లేని చోట ప్రతి వర్షాకాలమూ కొంత మట్టిని తీసుకుపోతుంది. శాంతినికేతన ఉత్సవాలలో చెట్టుకు దక్కిన స్థానాన్ని అర్థం చేసుకోవడానికి ఈ భౌగోళిక వాస్తవం అవసరం.

1888 నాటి ట్రస్టు పత్రం ఆ ఆవరణలో నిరాకార ఉపాసనకు చోటిచ్చింది, విగ్రహారాధనను నిషేధించింది, ఏటా ఒక మేళా జరపాలని సూచించింది. 1891లో ఉపాసనా మందిరం, 1894లో పౌష మేళా ప్రారంభమయ్యాయి. 1901 డిసెంబరులో రవీంద్రులు బ్రహ్మచర్యాశ్రమాన్ని స్థాపించారు. అంటే ఋతూత్సవాలు పుట్టడానికి ముందే రెండు పరిస్థితులు సిద్ధంగా ఉన్నాయి. మొదటిది, దేవతామూర్తి లేని ఆరాధన. రెండవది, చుట్టుపక్కల గ్రామాలవారు కూడే సంత. మొదటిది ఉత్సవానికి కొత్త భాషను వెతుక్కోవలసిన అవసరాన్ని కల్పించింది. రెండవది ఆ భాషను గ్రామంతో ముడిపెట్టే అవకాశాన్ని ఇచ్చింది.

3. శమీంద్రుని ఉత్సవం, శారదోత్సవ నాటకం

1907లో వసంత పంచమి నాడు రవీంద్రుల చిన్న కుమారుడు శమీంద్రనాథ్ చొరవతో ఆశ్రమ బాలురు తొలి ఋతూత్సవం జరుపుకున్నారు. కొందరు వసంతంగా, కొందరు వర్షంగా, మరికొందరు శరత్తుగా వేషాలు వేశారు. అదే సంవత్సరం నవంబరులో పదకొండేళ్లు నిండని శమీంద్రుడు ముంగేర్‌లో కలరాతో మరణించాడు. సంప్రదాయం ఆ బాలునితో ఆగిపోలేదు. మరుసటి ఏడు క్షితిమోహన్ సేన్, విధుశేఖర శాస్త్రి వంటి ఉపాధ్యాయుల పూనికతో వర్షోత్సవం జరిగింది. 1908లోనే రవీంద్రులు విద్యార్థుల కోసం 'శారదోత్సవ్' నాటకాన్ని రచించారు.

ఈ నాటకం మన చర్చకు కీలకమైనది. శరదృతువు రాగానే పిల్లలు సెలవు దొరికిన ఆనందంలో పాడుతూ తిరుగుతారు. ఉపనందుడనే బాలుడు మాత్రం వారితో కలవడు. మరణించిన తన గురువు లక్షేశ్వరుడనే వడ్డీ వ్యాపారికి బాకీపడ్డాడు. ఆ బాకీ తీర్చడానికి ఉపనందుడు తాళపత్ర గ్రంథాలకు నకళ్లు రాస్తుంటాడు. సన్యాసి వేషంలో ఉన్న రాజు అతనిని చూసి, నిజమైన శారదోత్సవం ఈ బాలుడు చేస్తున్నదేనని గ్రహిస్తాడు. రవీంద్రులు 1917లో రాసిన 'ఆమార్ ధర్మ' వ్యాసంలో ఈ ఘట్టాన్ని వివరిస్తూ, ప్రకృతి సౌందర్యం కూడా ఇటువంటి ఋణశోధనేనని, తాను పొందిన అమృతాన్ని అది త్యాగంతో తిరిగి చెల్లిస్తున్నదని భావించారు. 1921లో ఈ నాటకాన్నే సవరించి 'ఋణశోధ్' అని పేరుపెట్టారు. ఉత్సవం పేరుకు బదులు బాకీ తీర్చడం పేరు వచ్చింది. ఋతూత్సవ భావనలో వచ్చిన మార్పు ఈ పేరు మార్పులోనే కనిపిస్తుంది.

ఈ భావనకు ఒక సామాజిక ఆచరణ కూడా తోడయింది. వసంత నాటకమైన 'ఫాల్గుణి'ని 1916 జనవరిలో కలకత్తా జోడాసాంకో భవనంలో ప్రదర్శించినది బాంకురా కరువు బాధితుల సహాయార్థం. వసంతాన్ని పాడినవారు పంట పోయినవారి ఆకలిని ఆ విధంగా గుర్తుంచుకున్నారు.

4. ఋతువే రాగం

విగ్రహం లేని ఉత్సవంలో మంత్రం స్థానాన్ని ప్రధానంగా పాట ఆక్రమించింది. 1921లో కలకత్తాలో మొదలైన 'వర్షామంగళ్', 1923 నాటి 'వసంత', 1925 నాటి 'శేష్ వర్షణ్', 1927 నాటి 'నటరాజ్ ఋతురంగశాల' ఈ క్రమంలో వచ్చిన గేయప్రధాన రచనలు. హిందుస్తానీ సంప్రదాయంలో మల్హార్ భేదాలకు వర్షంతో, వసంత్, బహార్ రాగాలకు వసంతంతో ఉన్న అనుబంధాన్ని రవీంద్రులు స్వీకరించారు. అయితే శాస్త్రీయ రాగ నియమానికే కట్టుబడక బావుల్ బాణీలను, పల్లె వరుసలను కలుపుకున్నారు. దినేంద్రనాథ్ ఠాగూర్ ఆ పాటలకు స్వరలిపి సమకూర్చి విద్యార్థులకు నేర్పారు. దానివల్ల ఋతుగానం కచేరీ విద్వాంసుని సొత్తుగా కాక ఆశ్రమవాసులందరూ కలిసి పాడే ప్రార్థనగా మారింది.

రవీంద్రుల పాటల సంకలనమైన గీతవితాన్‌లోని 'ప్రకృతి' విభాగాన్ని లెక్కించి చూస్తే ఒక ఆసక్తికరమైన అసమానత కనిపిస్తుంది. మొత్తం 283 పాటలలో వర్షానికి 115, వసంతానికి 96, శరత్తుకు 30, గ్రీష్మానికి 16, శీతకాలానికి 12, హేమంతానికి 5 పాటలు ఉన్నాయి. మిగిలిన 9 సామాన్య ప్రకృతి గీతాలు. బెంగాలులో వానాకాలంలో నాటిన ఆమన్ వరి కోతకు వచ్చేది హేమంతంలోనే. రైతు ఏడాదంతా ఎదురుచూసే ఋతువుకు ఈ విభాగంలో దక్కినవి ఐదు పాటలు. పౌషమాసపు పంట పిలుపును వినిపించే పాట 'రక్తకరబి' నాటకంలో ఉన్న మాట వాస్తవమే. భూమిని తవ్వి బంగారం తీసే యక్షపురికి ఎదురుగా ఆ నాటకం పండిన చేలను నిలిపింది. అయినా సంఖ్యల సాక్ష్యాన్ని విస్మరించలేం. ఈ గానపంచాంగం ప్రధానంగా కవి పంచాంగం. కర్షకుని పంచాంగంతో దానిని అనుసంధానం చేసే పని పాట ఒక్కటే చేయలేకపోయింది.

5. వ్రతం నుండి అల్పనకు

చిత్రకళ ఈ అనుసంధానానికి మరొక మార్గాన్ని తెరిచింది. అవనీంద్రనాథ్ ఠాగూర్ 1919లో ప్రచురించిన 'బాంగ్లార్ బ్రత' గ్రంథం బెంగాలీ స్త్రీల వ్రతాలను, వాటిలో నేలపై వేసే అల్పనలను అధ్యయనం చేసింది. బియ్యపు పిండితో వేసే ఆ రేఖలలో వరికంకి, పద్మం, లక్ష్మీపాదాలు ఉంటాయి. వాటిని అవనీంద్రులు అలంకారంగా మాత్రమే చూడలేదు. వాన కురవాలి, పంట పండాలి అనే కోరికకు స్త్రీలు ఇచ్చిన రూపంగా గుర్తించారు. మన ముగ్గును, ముఖ్యంగా సంక్రాంతి ముగ్గును ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ వాదం సులభంగానే అందుతుంది.

1919లో ఏర్పడిన కళాభవన్‌లో నందలాల్ బోస్ ఈ సంప్రదాయాన్ని పాఠ్యాంశంగా, ఉత్సవాంగంగా తీర్చిదిద్దారు. తూర్పు బెంగాలు గృహసంప్రదాయంలో అల్పన నేర్చిన సుకుమారీదేవి అక్కడ బోధించారు. తరువాత నందలాల్ కుమార్తెలు గౌరీ భంజ, జమునా సేన్ ఆ కృషిని కొనసాగించారు. శాంతినికేతన అల్పనలో వ్రతదేవతల సంకేతాలు వెనక్కు తగ్గి, ఆయా ఋతువుల ఆకులు, పూలు, తీగలు ముందుకు వచ్చాయి. ఒక గృహిణి తన వాకిట్లో చేసే పనికి కళాశాలలో ఆచార్యస్థానం లభించడం ఈ పరిణామంలోని విశేషం. అదే సమయంలో కోరికతో వేసిన ముగ్గు అలంకారంగా మిగిలిపోయే ప్రమాదమూ దీనిలో ఉంది. ఆ ప్రమాదానికి సమాధానం శ్రీనికేతనం నుండి వచ్చింది.

6. 1928: మొక్క, నాగలి

రవీంద్రులు 1906లోనే కుమారుడు రథీంద్రనాథ్‌ను వ్యవసాయశాస్త్రం చదవడానికి అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి పంపారు. 1922 ఫిబ్రవరిలో లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ నాయకత్వంలో సురుల్ గ్రామం వద్ద, తరువాత శ్రీనికేతనంగా పేరొందిన గ్రామపునర్నిర్మాణ కేంద్రం ప్రారంభమైంది. అదే సంవత్సరం ఎల్మ్‌హర్స్ట్ కలకత్తాలో 'నేల దోపిడీ' అనే విషయంపై ఉపన్యసించగా రవీంద్రులు అధ్యక్షత వహించారు. పల్లె నుండి పట్టణానికి తరలిపోతున్న సారం తిరిగి నేలకు చేరడం లేదన్నది ఆ ఉపన్యాస సారాంశం. 'ఋణశోధ్' నాటకం నైతికంగా చెప్పినదాన్ని ఈ ఉపన్యాసం మట్టిశాస్త్ర పరిభాషలో చెప్పింది.

ఈ రెండు ధారలు 1928 జులైలో కలిశాయి. జులై 14న శాంతినికేతనంలో వర్షామంగళంతోపాటు వృక్షారోపణం జరిగింది. అలంకరించిన పల్లకిలో మొక్కను ఊరేగింపుగా తెచ్చారు. బాలికలు పాడుతూ నర్తిస్తూ నడిచారు. పృథివి, జలం, తేజస్సు, వాయువు, ఆకాశం అనే పంచభూతాల వేషాలలో విద్యార్థులు నిలవగా ఒక్కొక్క భూతాన్ని ఆవాహన చేసే పద్యాలు వినిపించాయి. ఆ సందర్భంలోనే రవీంద్రులు 'బలాయి' కథ చదివారు. మొక్కలను ప్రాణసమానంగా చూసుకునే తల్లిలేని బాలుని కథ అది. పురాణగాథ చదివే చోట ఒక ఆధునిక కథానిక చదవడం ఆ ఉత్సవ స్వభావాన్ని స్పష్టం చేస్తుంది. ఆనాటి పద్యాలు, పాటలు తరువాత 'వనవాణి' (1931) సంపుటిలో చేరాయి.

మరునాడు శ్రీనికేతనంలో హలకర్షణోత్సవం జరిగింది. ఎద్దులను అలంకరించారు, నేలను అల్పనతో తీర్చారు, సంస్కృత శ్లోకాలు పఠించారు. రవీంద్రులు స్వయంగా నాగలి పట్టారు. నాగటిచాలుకు వైదిక భాషలో 'సీత' అని పేరు. ఋగ్వేదం నాలుగవ మండలంలోని క్షేత్రపతి సూక్తంలో సీతను ప్రార్థించే మంత్రాలు ఉన్నాయి. శ్రీనికేతనం ఆ ప్రాచీన స్మృతిని గ్రహించి దానిని గ్రామపునర్నిర్మాణ కార్యక్రమంలో భాగం చేసింది. ఈ ఘట్టాన్ని నందలాల్ బోస్ శ్రీనికేతనంలో కుడ్యచిత్రంగా చిత్రించారు.

1938లో ఇదే ఉత్సవ సందర్భంలో చేసిన 'అరణ్యదేవత' ప్రసంగంలో రవీంద్రులు మానవుని లోభం అడవులను నరికి భూమిని బీడుగా మారుస్తున్నదని, చెట్టు నాటడం ఆ నష్టాన్ని పూరించే యత్నమని వివరించారు. ఖోయాయి అంచున నిలిచి చెప్పిన ఈ మాటకు ప్రత్యక్ష నిదర్శనం శ్రోతల కాళ్ల కింది నేలే.

7. పరిమితులు

ఈ ఉత్సవాలను విమర్శనాత్మకంగా చూడవలసిన అంశాలు కూడా ఉన్నాయి. శాంతినికేతన పరిసరాలలో సంతాల్ గ్రామాలు ఉన్నాయి. సాల వృక్షం పూతకు వచ్చినప్పుడు వారు జరుపుకునే బాహా, పంట చేతికి వచ్చినప్పుడు పశువులను పూజించే సొహరాయ్ ఋతూత్సవాలే. వారికి ప్రకృతి ఆరాధనను ఎవరూ కొత్తగా నేర్పనవసరం లేదు. శాంతినికేతన కళలో సంతాలులు ఘనంగా కనిపిస్తారు. రామ్‌కింకర్ బైజ్ 1938లో లాటరైట్ గులకరాళ్లు, సిమెంటు కలిపి మలచిన సంతాల్ కుటుంబ శిల్పం ఆ నేల పదార్థంతోనే ఆ నేల మనుషులను నిలిపింది. అయితే ఉత్సవాన్ని రూపకల్పన చేసిన స్థానంలో వారు కనిపించరు. చిత్రవస్తువుగా గౌరవం పొందడం వేరు, ఉత్సవకర్తలుగా ఉండడం వేరు.

8. తెలుగు అధ్యయనాలకు ప్రాసంగికత

రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి వంటివారు శాంతినికేతనంలో గడిపినవారు. ఆ సంబంధాన్ని మన సాహిత్యచరిత్ర భావకవిత్వం, అనువాదాల పరిధిలోనే ఎక్కువగా చర్చించింది. ఉత్సవాల కోణం నుండి కూడా పరిశీలన జరగవలసి ఉంది. మనకు జ్యేష్ఠ పూర్ణిమ నాడు ఏరువాక ఉంది. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలిని పూజించి దుక్కి మొదలుపెట్టే ఆ పండుగకు, హలకర్షణానికి క్రియలో సామ్యం స్పష్టం. భేదం కర్తలో ఉంది. ఏరువాకలో నాగలి పట్టే చేయి ఆ ఏడంతా దున్నే చేయి. హలకర్షణంలో నాగలి పట్టినది ఒక జమీందారీ కుటుంబంలో పుట్టిన కవి. మొదటిది జీవికలో భాగమైన ఆచారం, రెండవది కర్షకశ్రమకు విద్యావంతుడు బహిరంగంగా ప్రకటించిన ఋణస్వీకారం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి 'ప్రకృతి పండుగలు' అని సరిపెడితే ఈ తేడా మరుగునపడుతుంది.

9. ముగింపు

రవీంద్రుల అనంతరం వృక్షారోపణం ఆయన వర్ధంతి అయిన శ్రావణం 22న జరుగుతోంది. మరణదినాన మొక్క నాటే ఆ ఆచారం ఋణశోధన భావనకు తగిన కొనసాగింపు. 1950లో కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ ప్రారంభించిన వనమహోత్సవంతో మొక్క నాటడం దేశవ్యాప్త కార్యక్రమమైంది. 2023లో శాంతినికేతనం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మరోవైపు పౌష మేళా వల్ల ఏర్పడే కాలుష్యం జాతీయ హరిత ట్రిబ్యునల్ విచారణ దాకా వెళ్లింది. ధరిత్రిని స్తుతించే పండుగే ధరిత్రికి భారమైన ఈ వైరుధ్యానికి మూలం ఉత్సవం నుండి శ్రమ విడిపోవడంలో ఉంది. రంగు, పాట, వేషం మిగిలి బాకీ తీర్చే పని జారిపోయినప్పుడు ఋతూత్సవం వినోదంగా కుదించుకుపోతుంది. శమీంద్రుని వేషం నుండి రవీంద్రుని నాగలి దాకా సాగిన ఇరవై ఒక్క సంవత్సరాల చరిత్ర ఈ ఉత్సవాలను కొలవడానికి ఒక ప్రమాణాన్ని అందిస్తుంది: పండుగ ముగిసిన తరువాత నేలకు తిరిగి చేరినది ఏమిటి అన్నదే ఆ ప్రమాణం.