మంచులో సైనికుడి చేతికి ఏ గుడ్డ?

నేత అనగానే మనకు చీర, పంచె, షోలాపూర్ చద్దరు గుర్తొస్తాయి. గుడ్డను చేత్తో తడిమి, వెలుతురుకు పెట్టి చూసి దాని మంచిచెడ్డలు చెప్పడం మనవాళ్లకు అలవాటు. కానీ గుడ్డ మీదే ప్రాణం ఆధారపడినచోట ఆ చూపు ఒక్కటే చాలదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల గ్లౌజులను పరీక్షించిన చరిత్ర మనకు ఈ సంగతే చెబుతోంది.

1943 మే నెలలో అలాస్కాకు పడమరన ఉన్న అట్టు దీవిలో అమెరికా సైన్యం జపాను సైన్యంతో పోరాడింది. అక్కడ మంచుతో పాటు వాన, బురద. ఆ పోరులో 549 మంది అమెరికన్లు చనిపోతే, చలికీ తడికీ దెబ్బతిన్నవాళ్లు సుమారు 1,200 మంది. ఎక్కువమందికి పాదాలే దెబ్బతిన్నాయి.

అదే ఏడాది ఆ సైన్యం బట్టల పరీక్షకు మసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్స్ ఊళ్లో ఒక ప్రయోగశాల పెట్టింది. లారెన్స్ కూడా నేతవాళ్ల ఊరే. ఎన్నో దేశాల నుంచి పొట్టకూటికి వలస వచ్చి మిల్లుల్లో చేరినవాళ్లు అక్కడ 1912లో కూలి కోతకు ఎదురుతిరిగి పెద్ద సమ్మె చేశారు. పొట్ట చేతపట్టుకుని ఊళ్లు దాటిన మనకు ఆ కథ కొత్త కాదు.

అప్పటి పరీక్షల తీరు ఇది. చలిగదిలో మనుషులను కూర్చోబెట్టి, వేళ్లకు సన్నటి తీగలు అంటించి, వేడి ఎంత తగ్గుతోందో రాసుకునేవారు. లోపల కరెంటుతో వేడెక్కే రాగి బొమ్మకు బట్టలు తొడిగి, ఆ వేడి నిలవడానికి ఎంత కరెంటు పడుతోందో లెక్కగట్టేవారు. అలా తేలిన నిజాలు మూడు.

ఒకటి, వేలు సన్నం. దాని చుట్టూ ఎంత మందం చుడితే బయటి వైశాల్యం అంత పెరిగి, వేడి అటునుంచి పోతుంది. అందుకే నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే తొడుగు వెచ్చన. తుపాకీ మీట నొక్కడానికి చూపుడువేలును మాత్రం విడిగా ఉంచారు.

రెండు, నీళ్లు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. తడిసిన నూలు అణిగిపోతుంది, ఉన్ని కొంత పొంగు నిలుపుకుంటుంది. కాబట్టి లోపల ఉన్ని అల్లిక, పైన తోలు, రెండూ విడివిడిగా. లోపలిది తడిస్తే మార్చుకోవచ్చు.

మూడు, వెచ్చదనం ఒక్కటే చాలదు. చేతి చర్మం సుమారు 15 డిగ్రీల కిందికి చల్లబడితే వేళ్లు మొద్దుబారతాయి. గ్లౌజు మరీ మందమైనా గుండీ పెట్టుకోలేరు, ముడి వెయ్యలేరు.

మనదేశంలో 1962 యుద్ధంలో చలిబట్టలు సరిపడా లేకుండానే ఎందరో జవాన్లు హిమాలయాలెక్కారు. 1984 నుంచి సియాచిన్‌లో కాపలా కాస్తున్నాం. ఆ ఎత్తుకు కావలసిన బట్టల్లో చాలావాటిని ఏళ్ల తరబడి విదేశాల నుంచే తెప్పించుకున్నాం. మన పిల్లలు ఇప్పుడు టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ చదువుతున్నారు. తాతల చేతివాటానికి ఈ కొలతల విద్య తోడైతే, ఆ గ్లౌజుల్లో మన పోగు కూడా ఉంటుంది. మా కోరిక అదే.