జాబితాలోంచి పుట్టిన నాటకం

"రాయమంటే ఏం రాస్తామండీ, మా బతుకంతా ఫైళ్ళతోనే సరిపోయిందాయె!" ప్రత్యేక సంచికకు రచనలు అడిగినప్పుడల్లా మన సభ్యులలో చాలామంది చెప్పే మాట ఇది. ప్రేరణ అనేది ఏటి ఒడ్డునో, వెన్నెల్లోనో దొరుకుతుందనీ, కచేరీ కాగితాల్లో దొరకదనీ మనకొక నమ్మకం. అందులో ఎంత నిజం ఉందో తేల్చడానికి మన సాహిత్య చరిత్రలోని ఒక్క ఉదంతం చాలు.

గురజాడ వెంకట అప్పారావు గారు (1862–1915) మహాకవి అని అందరికీ తెలుసు. ఆయన కొంతకాలం మనలాగే గుమస్తా అన్న సంగతి కొద్దిమందికే గుర్తు. 1884లో విజయనగరంలో నెలకు 25 రూపాయల జీతం మీద ఉపాధ్యాయులుగా చేరారు. 1886లో డిప్యూటీ కలెక్టరు కార్యాలయంలో హెడ్ క్లర్కుగా పనిచేశారు. మరుసటి సంవత్సరం కళాశాలలో అధ్యాపకులయ్యారు.

దరిదాపు ఆ కాలంలోనే విజయనగరం మహారాజా ఆనందగజపతి గారు ఒక జాబితా తయారుచేయించారు. విశాఖపట్నం ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబాలలో డబ్బు పుచ్చుకుని ఆడపిల్లలకు చేస్తున్న పెళ్ళిళ్ళ లెక్క అది. నమోదైనవి 1,034. సగటున ఏడాదికి 344. వాటిలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు! ఆ పసికందుల వెల తలకు 350 నుంచి 400 రూపాయలు. అప్పారావు గారి తొలి జీతంతో పోల్చి చూస్తే అది పద్నాలుగు నుంచి పదహారు నెలల సంపాదన.

ఈ అంకెలన్నీ ఆయన 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' తొలి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఉన్నాయి. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం వెనకాడారు గనుక జాబితా సమగ్రం కాదని కూడా అక్కడే చెప్పారు. జనాభా లెక్కలకు ఇల్లిల్లూ తిరిగిన మన మిత్రులకు ఈ ముక్క విడమరచి చెప్పనక్కరలేదు. ఆ లెక్క రాసినవారి పేర్లు మాత్రం ముందుమాటలో లేవు. అదీ మనకు అలవాటైన విషయమే.

మహారాజా వారు ఈ దురాచారం మీద మద్రాసు శాసనమండలిలో బిల్లు పెట్టారు గాని అది చట్టం కాలేదు. నాటకం మాత్రం 1892 ఆగస్టులో విజయనగరంలో రంగస్థలం ఎక్కింది. ఎంతో మార్చి, పెంచి రాసిన రెండవ కూర్పు 1909లో వచ్చింది. 1955లో సినిమాగా కూడా వచ్చింది. మనవాళ్ళు నేటికీ చదువుతూనే ఉన్నారు, ఆడుతూనే ఉన్నారు.

మనకు కావలసిన పాఠం ఇక్కడే ఉంది. అప్పారావు గారు జాబితాను వేదిక మీద చదివించలేదు. దాన్ని ముందుమాటలోనే ఉంచి, నాటకంలోకి ఒక్క పిల్లను తెచ్చారు. ఆమె సుబ్బి. ముసలి లుబ్ధావధాన్లుకు ఆమెను కట్టబెట్టజూసే తండ్రి అగ్నిహోత్రావధాన్లు, అప్పటికే వితంతువై ఇంట్లో ఉన్న అక్క బుచ్చమ్మ, ససేమిరా అనే తల్లి, ఆ పెళ్ళి తప్పించడానికి శిష్యుడికి ఆడవేషం కట్టించిన మేనమామ కరటకశాస్త్రి ఆమె చుట్టూ చేరారు. తల్లి అభ్యంతరం నమోదు చేయడానికి ఏ జాబితాలోనూ గడి ఉండదు. ఆ లేని గడిని రచయిత నింపాడు. అదే బాధ 'పుత్తడిబొమ్మ పూర్ణమ్మ'లో మరో రూపం దాల్చింది. నాటకంలో నవ్వించినవాడే అక్కడ ఏడిపించాడు.

ఇక మన సంగతి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నేను కొత్తగా చేరిన గుమస్తాను. మృతుల జాబితాలు సాపు రాసే పని నాకు పడింది. పేరు, వయస్సు, గ్రామం, వారసులు అని గడులు. కొన్నిచోట్ల వారసుల గడి ఖాళీగా ఉండేది. వారసులు కావలసినవాళ్ళు కూడా అదే కాగితం మీద, ఒకరి కింద ఒకరుగా ఉన్నారు మరి! మొన్న మా మనవరాలు "తాతయ్యా, ఉప్పెన ఎలా ఉంటుంది?" అని అడిగితే నాకు సముద్రం గుర్తు రాలేదు, ఆ ఖాళీ గడి గుర్తొచ్చింది. దాన్ని గురించే చెప్పాను. పిల్ల మళ్ళీ మాట్లాడలేదు.

అటువంటి గడి మీ అందరి దగ్గరా ఒకటి ఉంటుంది. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినప్పుడు తరతరాల దఫ్తరాలు అప్పగించి వెళ్ళిన మనిషి ముఖం మీలో ఎవరో చూసి ఉంటారు. కుటుంబ పింఛను కాగితాల మీద వేలిముద్ర వేస్తూ భర్త పేరు పలకడానికి సిగ్గుపడిన ఇల్లాలిని ఇంకెవరో చూసి ఉంటారు. ముందుగా ఒక అంకెనో, ఒక సంతకాన్నో, ఒక ఖాళీనో గుర్తు చేసుకోండి. దాని వెనక ఎవరున్నారు, ఎవరు కాదన్నారు, మర్నాడు వాళ్ళింట్లో ఏం జరిగింది అని మిమ్మల్ని మీరే అడగండి. ఆ జవాబులే రచన. పేర్లు, ఊళ్ళు మార్చండి. ఉద్యోగ ధర్మం పదవీ విరమణతో తీరిపోదు కదా!

గడువు దాటిన ఫైళ్ళను నిబంధనల ప్రకారం రికార్డు రూముల్లోంచి తీసి పారేస్తారు. ఆ అంకెల వెనక మనుషులను కళ్ళారా చూసినవాళ్ళం మనం. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే క్యూలో తెలిసిన ముఖాలు తగ్గుతున్న సంగతి మీకు తెలియనిది కాదు. వచ్చే సంచికకు అరఠావులో రెండు పుటలు రాసి పంపితే చాలు. చేయి వణికితే మనవడి చేత రాయించండి.